ఎంఎస్‌ఏఏనా, టీఏఏనా?

కరెంటు తీగలు, కంచెలు, దూరపు మేడల అంచులు గేములో మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. వాటిని నున్నగా చేసే రెండు పద్ధతులు ఎంఎస్‌ఏఏ (మల్టీశాంపుల్ యాంటీ-ఏలియాసింగ్), టీఏఏ (టెంపోరల్ యాంటీ-ఏలియాసింగ్). ఎంఎస్‌ఏఏ 4ఎక్స్ పెడితే, గేము బొమ్మలను కట్టే ఒక్కో త్రిభుజం పిక్సెల్‌ను ఎంతమేర కప్పిందో 4 చోట్ల చూస్తుంది. రంగు లెక్క మాత్రం పిక్సెల్‌లో ఆ త్రిభుజానికి ఒక్కసారే. అంచు నున్నగా వస్తుంది, బొమ్మ మసకబారదు. తడి రోడ్డు మెరుపు త్రిభుజం లోపలే పుడుతుంది కాబట్టి ఆ మిణుకు మాత్రం పోదు. ఆకులకైతే ఆల్ఫా టు కవరేజ్ (పారదర్శకతను బట్టి ఆ 4 చోట్లలో కొన్నిటినే కప్పినట్టు లెక్కించడం) కొంత నయం.

మెమరీ దగ్గరే అసలు దెబ్బ. 1080పీలో ఒక్కో పిక్సెల్ రంగుకు 4, డెప్త్‌కు (కెమెరా నుంచి దూరానికి) 4 బైట్లంటే సుమారు 16.6 ఎంబీ, 4ఎక్స్‌లో 66 దాటుతుంది. డిఫర్డ్ రెండరింగ్‌లో (ముందు ఉపరితల వివరాలు రాసుకుని, వెలుగు లెక్క తర్వాత చేసే పద్ధతి) ఆ వివరాలు దాచే జీ-బఫర్ మొత్తం ఇలాగే పెరుగుతుంది.

టీఏఏ ప్రతి ఫ్రేముకూ కెమెరాను పిక్సెల్‌కన్నా తక్కువ దూరం జరిపి, పాత రంగును మోషన్ వెక్టర్లతో (పిక్సెల్ ఎటు, ఎంత కదిలిందో చెప్పే లెక్కలు) సరిచోటికి తెచ్చి కలుపుతుంది. కొత్త ఫ్రేము వాటా తరచూ 5–10 శాతమే. మెరుపులు, ఆకులు కూడా కుదురుకుంటాయి. చిక్కంతా కదలికలోనే: పొగ, గాజు, గాలికి ఊగే చెట్లు వెక్టర్లు రాయకపోతే వెనక తోకలా మరక మిగులుతుంది. ముందు వెక్టర్ బఫర్‌ను తెరమీద వేసి చూడండి, ఆ తర్వాతే పక్క పిక్సెళ్ల క్లాంపింగ్ (పాత రంగును చుట్టుపక్కల రంగుల హద్దులోనే ఉంచడం) బిగించండి. కొత్త ఫ్రేము వాటా పెంచితే మరక తగ్గుతుంది గానీ మిణుకు తిరిగొస్తుంది. మసకకు మిప్ బయాస్ (టెక్స్చర్‌ను మరింత వివరంగా తీసుకునే సెట్టింగ్) -0.5, కాస్త షార్పెనింగ్ చాలు.

వీఆర్‌కు, ఫార్వర్డ్ రెండరింగ్ (వస్తువు గీస్తూనే వెలుగు లెక్క చేసే పద్ధతి) వాడే మొబైల్ గేములకు ఎంఎస్‌ఏఏ 4ఎక్సే సరి. డిఫర్డ్ పీసీ గేముకు టీఏఏ.