ఇన్‌కాయిస్ అలల సూచన: సూర్యలంక పోయే నల్లగొండ వాళ్లకు పనికొస్తదా?

నల్లగొండ, మిర్యాలగూడ నుంచి అద్దంకి రోడ్డెక్కి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కు పోయేవాళ్లు వాన పడుతుందా అని మాత్రమే చూస్తారు. చూడాల్సింది అలలను. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) అలల సూచన ఉచితంగానే ఇస్తుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చూస్తే చాలు.

అలల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే అది అన్ని అలల సగటు కాదు, వాటిలో పెద్దవైన మూడో వంతు సగటు. మధ్యలో ఒకటీ అరా దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. ఎత్తుతో ఆగకుండా రెండు అలల మధ్య సెకన్లు కూడా చూడండి. 5, 6 అయితే దగ్గరి గాలి లేపిన అల. 15 దాటితే ఎక్కడో దూరపు తుఫాను పంపినది. ఇక్కడ గాలి లేకున్నా ఒడ్డెక్కుతుంది. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. పేరు భలే కుదిరింది.

లోటు ఒకటుంది. సూచన ప్రాంతం మొత్తానికి. మీరు దిగేచోట గుంట ఉందో, లోపలికి లాగే ప్రవాహం ఉందో చెప్పదు. దానికి ఒడ్డున జాలర్లను అడగాల్సిందే. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో చదునుగా, బురదరంగుగా కనిపించే సందులో దిగొద్దు. పిల్లలకు అదే నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. నాగార్జునసాగర్ నీళ్లలో ఈత నేర్చిన ధీమా అక్కడ పనిచేయదు.

హెచ్చరిక వాట్సాప్‌లో వస్తే ముందు తేదీ, గంట చూడండి.