వుడ్ బ్యాడ్జ్ పూసల సెట్: చెక్క సరే, తోలు ఏదీ?

హిమాలయ వుడ్ బ్యాడ్జ్ శిక్షణ పూర్తిచేసిన స్కౌట్ మాస్టర్లు మెడలో వేసుకునే రెండు పూసలు, వాటి తోలు తాడు, స్కార్ఫ్‌ జారకుండా పెట్టుకునే ఉంగరంలాంటి తోలు వాగిల్. మూడూ కలిపి 450 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాత తాడు చెమటకి చివికిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా మా హైస్కూలు పిల్లలు "సార్, అది తాయెత్తా?" అని అడిగేవాళ్లు.

నిజానికి తాయెత్తు లాంటిదే. 1899-1900లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ ముట్టడిలో, తర్వాత స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ దిగులుగా ఉంటే, ఒక ఆఫ్రికన్ పెద్దాయన మంచి జరుగుతుందని తన తోలు తాడు ఇచ్చాడని చెబుతారు. పూసలేమో జులూ రాజు డినుజులు హారంలోవట, 1888 నాటి సంగతి. ఆ రాజు ఇచ్చాడా, బేడెన్ పావెలే తీసుకున్నాడా అన్న వాదన ఇంకా ఉంది. నాకు మటుకు ఆ చరిత్ర కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. 1919లో ఇంగ్లండ్‌లోని స్కౌట్ శిక్షణ కేంద్రం గిల్వెల్ పార్క్‌లో మొదటి శిక్షణ పొందినవాళ్లకి ఆ హారం పూసలే పంచారు. అది అకేషియా చెక్క, మన తుమ్మకి దూరపు చుట్టం. నడుమ మెత్తటి బెండు ఉండటంతో తాడు సులువుగా దూరుతుంది.

ఇంత కథ ఉన్న చోట రెక్సిన్ తాడు పంపిస్తే ఒళ్లు మండదా? సైట్‌లో 'అసలు తోలు' అని రాశారు. మడిచి చూస్తే లోపల గుడ్డ కనబడింది. ఫోన్ చేస్తే "చూడ్డానికి ఒకటే కదా సార్" అన్నారు. బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన 40 రూపాయలకి మంచి తోలు పట్టీ కోసిచ్చాడు, ఇప్పుడు అదే వేసుకుంటున్నాను.

పూసలు చెక్కవే, కొసల గాట్లు కూడా సమంగా ఉన్నాయి. వార్నిష్ మాత్రం ఏటికొప్పాక లక్కపిడతల్లా మెరిసిపోతోంది, సాండ్ పేపర్‌తో రుద్దితే గానీ చెక్క రంగు బయటపడలేదు. వాగిల్ బాగుంది. నిజమైన తోలు, ముడి బిగువుగా ఉంది.

ఇంకో సంగతి. శిక్షకులు వేసుకునే మూడు, నాలుగు పూసల సెట్లు కూడా అక్కడ ఎవరికైనా అమ్ముతున్నారు, సర్టిఫికెట్ అడిగే నాథుడు లేడు. స్కార్ఫ్ నేను కొనలేదు. గిల్వెల్ కొనడానికి డబ్బిచ్చిన మక్లారెన్ పేరిట దానిమీద ఆ వంశపు గళ్ల గుడ్డ ముక్క కుట్టాలి. ఫోటోలో అది ప్రింట్ చేసినట్టుంది.

అయిదుకి రెండున్నర. వాగిల్ విడిగా అమ్మితే అదొక్కటే తీసుకోండి.