లానోలో దొరికిన పాత మార్లిన్, 281 హైవే మీద పోయిన 75 డాలర్లు

సెకండ్ హ్యాండ్ తుపాకీ కోసం ఫోన్లో అడ్వాన్స్ ఎవరికీ కట్టకండి. ఎంత తియ్యగా మాట్లాడినా సరే. నేను కట్టాను, 75 డాలర్లు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మా ఆఫీసులో ఒకాయనకి టెక్సాస్‌లో లానో దగ్గర కొంత పొలం ఉంది. ఈసారి నవంబరులో జింకల వేటకి రమ్మన్నాడు. అక్కడంతా పొదలు, వంద గజాల లోపే గురి చూడాలి కాబట్టి థర్టీ-థర్టీ అనే తూటా వేసే లీవర్ రైఫిల్ చాలన్నాడు. ట్రిగర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే ఖాళీ తొడుగు బయటికి ఎగిరి కొత్త తూటా లోపలికి వెళ్ళే రకం. మార్లిన్ కంపెనీ చేసే 336 మోడల్ ఆ రకమే. కొత్తదాని ధర వెయ్యి దాటింది. పాతది బాగుంటే ఆరేడు వందల్లో వస్తుంది. పైగా పాతదే మేలని అందరూ చెప్పారు. దానికో కారణం ఉంది. 2007 చివర్లో మార్లిన్ కంపెనీని రెమింగ్టన్ కొనేసింది. తర్వాత నార్త్ హేవెన్‌లోని పాత ఫ్యాక్టరీ మూతపడింది, ఆ పనివాళ్ళ పనితనం కూడా దాంతోనే పోయింది. కొత్త చోట చేసిన మొదటి రైఫిళ్ళకి చాలా చెడ్డపేరు వచ్చింది. 2020లో రెమింగ్టన్ దివాలా తీశాక మార్లిన్‌ని రూగర్ కొనుక్కుంది. అందుకే పాత మార్లిన్ కొనేవాళ్ళు ముందు బారెల్ మీద అక్షరాలు చూస్తారు. JM అని ఉంటే నార్త్ హేవెన్‌ది, REP అని ఉంటే రెమింగ్టన్ కాలానిది.

లానోకి వెళ్ళే దారిలో 281 హైవే మీద ఒక తుపాకుల షాపులో పాత 336 ఉందంటే నేను ఫోన్లో అడిగింది కూడా అదే. "అవును సార్, పాత ఫ్యాక్టరీదే, 650" అన్నాడు షాపతను. శుక్రవారం దాకా పక్కన పెట్టాలంటే 75 కట్టమన్నాడు. కార్డు నంబరు చెప్పేశాను.

అక్టోబరు మూడో శుక్రవారం మధ్యాహ్నం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో బయల్దేరాం. నేను, మా ఆవిడ, బావమరిది. దారి బాగుంది, ట్రాఫిక్ లేదు. మూడింటికి షాపులో ఉన్నాం. కౌంటర్ మీద పెట్టిన రైఫిల్ బారెల్ ఎడమ పక్కకి తిప్పి చూస్తే REP. మళ్ళీ చూశాను, REPయే. వెనక కట్టె రిసీవర్‌ని, అంటే మధ్యలో ఉండే ఇనుప పెట్టెని కలిసే చోట గోరు దూరేంత సందు. గురి చూసే ముందు సైటు కంటికి తెలిసేంతగా ఒక పక్కకి ఒరిగి ఉంది. లీవర్ తోస్తే ఇసుకలో తోసినట్టు కరకరమంది. "ఏదైనా మార్లినే కదా" అన్నాడతను, నా ముఖం కూడా చూడకుండా. డిపాజిట్ వెనక్కివ్వమంటే కుదరదన్నాడు. ఫోన్లో ఏం చెప్పావో గుర్తు చేస్తే, ఆ రోజు ఫోన్ ఎత్తింది తను కాదన్నాడు. అరగంట వాదించాను. చివరికి ఆ 75కి షాపులోనే ఏదైనా తీసుకోమన్నాడు. ఇరవై తూటాల పెట్టె 44, బారెల్ తుడుచుకునే కిట్ 31. ఆ పెట్టె మరుసటి రోజు ఇంకో చోట 34కే దొరికింది.

కారెక్కాక మా ఆవిడ గంటసేపు మాట్లాడలేదు. అసలు ఇంట్లో తుపాకీ అంటేనే ఆవిడకి ఇష్టం లేదు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. రైఫిల్ కంటే ముందు ఇనుప బీరువా ఇంటికి రావాలని షరతు పెట్టింది, దాన్ని 289కి అప్పటికే కొని గోడకి బిగించాను. అది న్యాయమైన షరతు. టెక్సాస్‌లో తూటాలు నింపిన తుపాకీ నిర్లక్ష్యంగా వదిలేసి పిల్లలకి చిక్కితే నేరం కూడా. ఇప్పుడావిడ కోపం తుపాకీ మీద కాదు, 75 డాలర్ల మీద. "మనల్ని చూడగానే తెలియనివాళ్ళని అనుకున్నాడండీ" అంది చివరికి. నాకూ అదే బాధ.

రాత్రికి లానోలో మోటెల్, పన్నులతో 142. సిగరెట్ వాసన. మూడో మనిషికి మంచం వేస్తామన్నవాళ్ళు దుప్పటి మాత్రమే ఇచ్చారు. అంతకంటే చెప్పడానికేం లేదు.

శనివారం పొద్దున ఊళ్ళో ఒక చిన్న తుపాకుల కొట్టుకి వెళ్ళాం. డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన భార్య నడుపుతున్నారు. జరిగింది చెప్పగానే ఆయన ఏమీ అనకుండా గోడ మీంచి ఒక 336 దించాడు. మొదట ఖాళీగా ఉందని తను చూసి, నాకు చూపించి, అప్పుడు చేతికిచ్చాడు. బారెల్ మీద చిన్న వృత్తంలో JM. సీరియల్ నంబరు 22తో మొదలైంది. వందలోంచి 22 తీసేస్తే 78, అంటే 1978లో చేసిందని లెక్క. కట్టె కింది అంచులో మార్లిన్ గుర్తు, తెలుపు వలయంలో నల్లచుక్క, చెక్కుచెదరలేదు. లీవర్‌కి కొంచెం ముందు, నడిచేటప్పుడు చెయ్యి పట్టుకునే చోట రిసీవర్ నలుపు అరిగి వెండిలా మెరుస్తోంది. ఎవరో ఏళ్ళ తరబడి అడవిలో మోశారన్నమాట.

పెద్దాయన లీవర్ తెరిచి లోపల చిన్న తెల్ల కాగితం ముక్క పెట్టి, మూతి వైపు నుంచి చూడమన్నాడు. ఈ రకం రైఫిల్లో విప్పకుండా వెనక నుంచి బారెల్లోకి చూడ్డానికి వీలుండదు, కాగితం మీద పడ్డ వెలుతురే లోపలంతా చూపిస్తుంది. పన్నెండు సన్న గాళ్ళు మెలిక తిరుగుతూ శుభ్రంగా కనిపించాయి, తుప్పు మచ్చ లేదు. తర్వాత హ్యామర్‌ని, అంటే తూటాని పేల్చే సుత్తిని వెనక్కి లాగి, ట్రిగర్ ముట్టకుండా బొటనవేలితో గట్టిగా తోశాడు. జారలేదు. మందు లేని ఉత్తి తూటాలు ఆరు వేసి లీవర్ ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా ఆడించాడు. తూటాని పైకెత్తే చిన్న ఇనుప ముక్క అరిగిపోతే రైఫిల్ మధ్యలో బిగుసుకుంటుందట. ఇది ఎక్కడా ఆగలేదు. ఉన్న లోపం కూడా ఆయనే చెప్పాడు: ముందు సైటు మీది తొడుగు లేదు.

575 అన్నాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. పన్ను 8.25 శాతంతో 622.44.

మనవాళ్ళకి పనికొచ్చే సంగతి ఇక్కడ చెప్పాలి. నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన 4473 ఫారం నింపి, ఆ నంబరు రాస్తే సరిపోయింది. ఎఫ్‌బీఐ చెక్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అది డిలే అని వస్తే మూడు పనిదినాలు ఆగాల్సి రావచ్చు, దూరం ఊళ్ళో శనివారం కొనేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. మా బావమరిది హెచ్1బీ మీద ఉన్నాడు. ఆ వీసా వాళ్ళు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనడమే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా ఫెడరల్ నేరం. గురి సాధన చేసే రేంజ్‌లో సరదాగా ఒక్కసారి కాల్చినా సరే. చాలామందికి ఇది తెలియక ఫొటోలు కూడా పెట్టుకుంటున్నారు. నా మాట విని వాడు ముందే 25 డాలర్ల లైసెన్స్ తీసుకున్నాడు. ఇక 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి. నేను ఆన్‌లైన్‌లో చేశాను.

మధ్యాహ్నం లానో నది ఒడ్డున పులిహోర తిన్నాం. ఊరంతా బార్బెక్యూ పొగ, బావమరిదికేమో శనివారం. పెరుగన్నం డబ్బా పట్టుకుని పొగ వచ్చే వైపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

తర్వాత రేంజ్‌కి వెళ్ళాం, మనిషికి 15. పెద్దాయన దగ్గర ఇంకో పెట్టె కొన్నాను, 34. ఈ రైఫిల్లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనకదాని మొన ముందుదాని అడుగుకి ఆనుతుంది. అందుకే మొన చదునుగా ఉన్నవో, మెత్తటి మొన ఉన్నవో మాత్రమే వేయాలి. పక్కనుండే చిన్న తలుపులోంచి ఆరు దోపేసరికి నా బొటనవేలి చర్మం లేచింది.

యాభై గజాల్లో మొదటి అయిదూ మూడంగుళాలు కిందికి, రెండంగుళాలు ఎడమకి పడ్డాయి. కానీ అయిదూ ఒకే చోట. అది చూసి ప్రాణం లేచొచ్చింది. వెనక సైటు ఒక మెట్టు పైకి లేపి, రేంజ్ ఆయనిచ్చిన ఇత్తడి కడ్డీతో కుడికి కొంచెం తట్టాను. మళ్ళీ అయిదు కాల్చాను, నడిమికొచ్చాయి. వంద గజాల్లో అయిదు తూటాలు మూడంగుళాల వలయంలో పడ్డాయి, స్కోప్ లేకుండా. నలభయ్యేళ్ళు దాటిన రైఫిల్!

"బావా, ఇంకో ఆరు నాకివ్వు" అని బావమరిది మూడుసార్లు అడిగాడు. మా ఆవిడ చెవులకి మఫ్స్ పెట్టుకుని వెనక బెంచీ మీదే కూర్చుంది, కాల్చనంది. కానీ టార్గెట్ కాగితాల్లో మంచిది మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

సైటు తొడుగు ఇంటికొచ్చాక 14 డాలర్లకి తెప్పించాను. నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలు. ఆ రాత్రికి గది కావాలని అదే మోటెల్‌కి ఫోన్ చేస్తే 219 అన్నారు, అదీ డబ్బు ముందే కట్టాలట. కట్టలేదు. ఆఫీసాయన పొలంలో గుడారం వేసుకోమన్నాడు.