బ్రాండు పేరు కలిసిన డొమైన్ కొనేవారికి హెచ్చరిక

పేరున్న కంపెనీ బ్రాండు కలిసిన డొమైన్ పేర్లను "ఖాళీగానే ఉంది, వెంటనే తీసుకోండి" అంటూ అంటగట్టే వెబ్‌సైట్ తయారీదారుల విషయంలో చిన్న వ్యాపారులు జాగ్రత్తగా ఉండాలి. విజయవాడలో సెల్‌ఫోన్లు బాగుచేసే మా బంధువు ఒకరు, ఒక ఫోన్ కంపెనీ పేరుకు 'సర్వీస్' అన్న మాట చేర్చిన డాట్ కామ్ చిరునామాను ఇలాగే మామూలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నారు. బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద దాన్ని అచ్చు వేయించుకున్నాక కంపెనీ న్యాయవాదుల నోటీసు, ఆ వెనుకే ఫిర్యాదు వచ్చి, చివరకు డొమైన్ కంపెనీకి బదిలీ అయిపోయింది. అమ్మినవాడు మాత్రం ట్రేడ్‌మార్క్ సంగతి కొన్నవారే చూసుకోవాలంటూ చేతులు దులుపుకున్నాడు.

ఆ ఒక్క మాట మాత్రం అబద్ధం కాదు. డాట్ కామ్ పేరు నమోదు చేసుకున్నవారంతా ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానానికి కట్టుబడినట్టే. ఆ పేరు ఇతరుల హక్కులకు భంగం కలిగిస్తుందో లేదో తేల్చుకోవలసిన బాధ్యత నమోదు చేసుకున్నవారిదేనని అందులో స్పష్టంగా రాసి ఉంది. 'ఖాళీగా ఉంది' అంటే మరెవరూ నమోదు చేసుకోలేదని మాత్రమే అర్థం. పేరు బ్రాండును భ్రమ కలిగించేంతగా పోలి ఉందని, మీకు దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నారని కంపెనీ నిరూపిస్తే డొమైన్ పోతుంది. జవాబుకు ఇచ్చే గడువు 20 రోజులే.

అసలు సరుకు అమ్మేవారికి, బాగుచేసేవారికి కొంత వెసులుబాటు లేకపోలేదు. 2001 నాటి ఓకీ డేటా కంపెనీ కేసు నుంచి, యూడీఆర్‌పీ ఫిర్యాదులపై నిర్ణయం చెప్పే ప్యానెళ్లు చూస్తున్నది ఏమిటంటే, ఆ సైటులో ఆ బ్రాండు సరుకు లేదా సేవ మాత్రమే ఉండాలి, కంపెనీతో తమకున్న సంబంధం ఏమిటో, లేకుంటే లేదన్న సంగతి, కనబడేలా చెప్పాలి, ఆ బ్రాండును పోలిన పేర్లన్నీ పోగుచేసుకోకూడదు. మా బంధువు సైటులో అన్ని కంపెనీల ఫోన్లూ ఉన్నాయి. పైగా 'అధీకృత' అన్న మాటను ఆ వెబ్‌సైట్ తయారీదారే చేర్చాడు.

యూడీఆర్‌పీలో నష్టపరిహారం ఉండదు గాని, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద కంపెనీ కోర్టుకు వెళ్లి దాన్ని కోరవచ్చు. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ పేరును పోలిన డొమైన్‌ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2001లోనే ఆ కంపెనీ పక్షాన నిలిచింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకున్నంత రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లో తేల్చింది.

"కంపెనీయే మంచి ధరకు మీ దగ్గర కొంటుంది" అని అమ్మేవాడు ఆశపెడితే ఆ బేరం అక్కడే వదిలేయండి. లాభానికి కంపెనీకే అమ్మాలన్న ఉద్దేశంతో పేరు తీసుకోవడాన్ని యూడీఆర్‌పీ దురుద్దేశంగానే లెక్కిస్తుంది. ఇప్పటికే కొని ఉండి నోటీసు అందుకున్నవారు ధర చెబుతూ జవాబు రాయకుండా, గడువు దాటకముందే న్యాయవాదిని కలవడం మంచిది.