థోర్ సుత్తా, శాక్సన్ పట్టీ కొసా: మొదటి కొనుగోలుకు ఏది మేలు?

వెయ్యేళ్ళ నాటి లోహపు నగలు పోగేస్తానని తెలిసిన దగ్గర్నుంచీ మిత్రులు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "మొదట ఏది కొనమంటారు, వైకింగా, ఆంగ్లో-శాక్సనా?" వైకింగులంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు, ఆంగ్లో-శాక్సన్లంటే అప్పటి ఇంగ్లండ్ జనం. అడిగేటప్పటికే చాలామంది మనసులో ఒక వెండి థోర్ సుత్తి, అంటే వైకింగుల దేవుడు థోర్ ఆయుధం ఆకారపు లాకెట్, వేలాడుతూ ఉంటుంది. సీరియళ్ళ పుణ్యం. నేను 9వ శతాబ్దపు శాక్సన్ స్ట్రాప్-ఎండ్ కొనమంటాను, అంటే తోలు పట్టీ చివర చిరిగిపోకుండా బిగించే లోహపు కొస. ఈ మాట వినగానే ముఖాలు వాడిపోతాయి.

సుత్తి ముచ్చటైన వస్తువే, కాదనను. 2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ దీవిలో దొరికిన ఒకదాని మీద రూన్ అనే వాళ్ళ పాత లిపిలో "ఇది సుత్తి" అని చెక్కి ఉంది. చేసినవాడికి ఎంత సరదానో! ఎవరికి చూపించినా చిటికెలో గుర్తుపడతారు. పట్టీ కొస చూపిస్తే మాత్రం "ఇదేంటి, జిప్పు ముక్కా?" అంటారు. చూపించుకోవడానికే అయితే సుత్తిదే గెలుపు.

నా లెక్కలో తేల్చేది అందం కాదు, వయసూ కాదు. ఆ వస్తువు ఏ నేలలో దొరికిందో చెప్పే కాగితం. అది లేని వస్తువు కొనడం పాస్‌బుక్ లేని పొలం కొన్నట్టే. చేతిలో ఉంటుంది గానీ మనదని గట్టిగా చెప్పలేం.

సుత్తి సంగతి ఇక్కడే తేడా కొడుతుంది. డెన్మార్క్‌లో ఇలాంటివి దొరికితే 'డానెఫే' అంటారు. అవి ప్రభుత్వానివి, అప్పగించాల్సిందే. నార్వేలో 1537కు ముందు కాలం నాటి వస్తువులన్నీ ప్రభుత్వ ఆస్తి. ఇంగ్లండ్‌లో అయితే 1996 నాటి ట్రెజర్ చట్టం ఉంది. మూడు వందల ఏళ్ళు దాటి, పదో వంతైనా వెండో బంగారమో ఉన్న నగ దొరికితే 14 రోజుల్లో తెలపాలి. ముందు మ్యూజియాలకు అవకాశం, వాళ్ళు వద్దంటేనే తిరిగి వస్తుంది. అలా తిరిగొచ్చిన వెండి సుత్తి, మ్యూజియాలు వద్దన్నాయని చెప్పే ఉత్తరంతో సహా అమ్మకానికి వస్తే కళ్ళు మూసుకుని కొనచ్చు, డబ్బుంటే. మరి నెట్‌లో "బాల్టిక్ ప్రాంతం, పాత సేకరణ నుంచి" అన్న ఒక్క ముక్కతో అమ్మే సుత్తులన్నీ ఎక్కడివి? ఆ ముక్కలో ఊరు లేదు, ఏడు లేదు, మనిషి లేడు. పైగా సుత్తి ఆకారం మరీ తేలిక. అచ్చు తీసి పోత పోసి, రంగు పులిమి, నాలుగు గీతలు గీస్తే చాలు. గిరాకీ ఎక్కడుంటే దొంగ సరుకు అక్కడే.

ఇప్పుడు పట్టీ కొసకు వద్దాం. ఎక్కువ భాగం రాగి మిశ్రమంవే, ఒక్కటిగా దొరికితే మామూలుగా ట్రెజర్ కిందకి రాదు. పొలం యజమాని అనుమతితో మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరిగేవాళ్ళు దాన్ని పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పథకం) అధికారికి చూపిస్తే ఫొటో తీసి, కొలిచి, తూచి, నంబరు వేసి తిరిగి ఇచ్చేస్తారు. 1997లో మొదలైన ఈ స్కీమ్ జాబితాలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నంబరు ముందు అక్షరాలు ఎక్కడ నమోదైందో చెబుతాయి: ఎన్‌ఎల్‌ఎం అంటే ఉత్తర లింకన్‌షైర్, ఎస్‌ఎఫ్ అంటే సఫోక్. ట్రెజర్ కాని వాటిని చూపించాలన్న నిర్బంధం లేదు, కాబట్టి నంబరు లేనిదల్లా దొంగదని కాదు. ఉన్నదానికి మాత్రం నేను కాస్త ఎక్కువైనా ఇస్తాను.

నంబరు చూసి ఊరుకోకండి. జాబితాలో ఫొటో తెరిచి చేతిలోని వస్తువు పక్కన పెట్టండి. విరిగిన మూల అదే వైపుందా, చిలుము గుంటలు అవే చోట్ల ఉన్నాయా, పొడవు మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయిందా? ఒకదాని నంబరు ఇంకోదానికి తగిలించే ఘనులూ ఉన్నారు.

ఇంతా చేసి వస్తువు బోసిగా ఉంటుందని అనుకోవద్దు. నా దగ్గరున్న ఒకటి చెబుతాను. చిటికెన వేలి కంటే సన్నం, మధ్యలో కాస్త ఉబ్బు. పైకొస రెండు రేకులుగా చీలి ఉంటుంది, తోలు ఆ సందులోకి దూరేది. రెండు రివిట్ రంధ్రాల్లో ఒకదాని అంచు తెగిపోయింది. రంధ్రాల కింద విచ్చుకున్న ఆకులాంటి నగిషీ. మధ్య గళ్ళో వెనక్కి తిరిగి చూస్తున్న ఒక చిన్న జంతువు, భూతద్దం పెడితే గానీ కాలేదో తోకేదో తెలియదు. కింది కొసన పైనుంచి చూసినట్టుండే మృగం తల, గుండ్రటి కళ్ళు, కామా గుర్తులాంటి చెవులు. 1774లో కార్న్‌వాల్‌లోని ట్రూవిడిల్‌లో దొరికిన వెండి నిధి పేరు మీద ఈ జంతువుల పనితనాన్ని ట్రూవిడిల్ శైలి అంటారు. అరిగినవి కొన్ని పదుల పౌండ్లకే వస్తాయి.

కాగితం మీద ఇంత పట్టుదల దేనికంటే, 2015లో ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్‌షైర్‌లో బయటపడ్డ నిధి కథ వినండి. బంగారు ఉంగరం, మృగం తల ఉన్న కడియం, బంగారు చట్రంలో స్ఫటికపు లాకెట్, వాటితో పాటు వైకింగ్ కాలం నాటి నాణేలు. తవ్వినవాళ్ళు చెప్పకుండా అమ్మేశారు, 2019లో జైలుకెళ్ళారు. సుమారు మూడు వందల నాణేల్లో పోలీసులకు తిరిగి దొరికినవి ముప్పై చిల్లర. మిగతావి ఎవరో ఒకరి పెట్టెలో "పాత సేకరణ నుంచి" అన్న చీటీతో పడి ఉంటాయి.

వైకింగ్ వాసన ఉండి తీరాల్సిందే అంటే ఒక మధ్యేమార్గం ఉంది. తూర్పు ఇంగ్లండ్‌లో స్కాండినేవియా వాళ్ళు స్థిరపడ్డ నార్ఫోక్, లింకన్‌షైర్ ప్రాంతాల్లో ఆడవాళ్ళ బోరె శైలి బ్రోచ్‌లు, అంటే బట్టకు గుచ్చుకునే, వైకింగుల అల్లిక నగిషీ ఉన్న చిన్న గుండ్రటి రాగి బిళ్ళలు, చాలానే దొరికాయి. వెనక సూది బిగించే తీరు చూసి అక్కడి నుంచి తెచ్చినదో ఇక్కడే చేసినదో చెప్పే వీలుంది. నంబరుతో వచ్చిన అలాంటిదీ, మంచి పట్టీ కొసా ఒకే ధరకు ఎదురుపడితే నా చెయ్యి బ్రోచ్ వైపే వెళ్తుంది, దాచడం దేనికి. కాకపోతే అంత తేలిగ్గా ఎదురుపడవు.

మిగతావి రెండు ముక్కల్లో. వైకింగ్ ఆడవాళ్ళు రెండు భుజాల మీదా పెట్టుకునే ఉబ్బెత్తు కోడిగుడ్డు ఆకారపు బ్రోచ్‌లు ఎక్కువగా సమాధుల్లోంచి వచ్చినవి, జత విడిపోయి ఒంటరిగా అమ్ముడవుతుంటే నాకు కొనబుద్ధి కాదు. గాజు పూసలు చవకే గానీ ఎవరెప్పుడు కొత్త దారానికి గుచ్చారో దేవుడికే తెలియాలి.

గార్నెట్ అనే ఎర్ర రాయి పొదిగిన 6, 7 శతాబ్దాల శాక్సన్ నగల గురించి తెలుగువాళ్ళు తప్పక అడుగుతారు. ఆ రాళ్ళలో కొన్ని మన ఉపఖండం నుంచి వెళ్ళినవేనని పరీక్షల్లో తేలింది. పుదుచ్చేరి దగ్గరి పాత రేవు అరికమేడులో దొరికిన గార్నెట్లకూ కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట రాళ్ళకూ పోలిక కుదిరిందని 2017లో పరిశోధకులు రాశారు. వినడానికి ఒళ్ళు పులకరిస్తుంది. కానీ "ఈ బ్రోచ్‌లో రాయి తెలంగాణదండీ" అని ఎవరైనా అమ్మజూపితే నవ్వేసి వచ్చేయండి.

ఇండియా నుంచో అమెరికా నుంచో కొనేవాళ్ళకు ఇంకో మాట. ఇంగ్లండ్ నేలలో దొరికిన పురావస్తువును దేశం దాటించాలంటే, దాని ధర ఇరవై పౌండ్లయినా సరే, ఎగుమతి లైసెన్సు ఉండాలి. లైసెన్సు తెచ్చి పంపుతారా అని డబ్బు కట్టకముందే అడగండి. "అంత చిన్నదానికి అక్కర్లేదులెండి" అన్న అమ్మకందారు దగ్గర సుత్తీ వద్దు, పట్టీ కొసా వద్దు.