ద క్వైట్ ఇయర్: సేవకు కూడా వంతులు కావాలి

ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చిన ఈ ఆటలో గెలిచేవారు ఉండరు. ఇద్దరి నుంచి నలుగురి దాకా కూర్చుని, యుద్ధం నుంచి బయటపడిన ఒక ఊరి పటాన్ని ఖాళీ కాగితం మీద గీస్తారు. పేకలోని ఒక్కో ముక్క ఒక్కో వారం. ఆటీన్లు వసంతం, ఇస్పేట్లు శీతాకాలం. ఇస్పేటు రాజు పడగానే ఆట సరి. చలికాలం మొదలయ్యాక అది ఏ వారమైనా పడవచ్చు.

సంఘాల సమావేశాలు నడిపే నన్ను కట్టిపడేసింది చర్చ నియమం. చర్చ పెడితే ఆ వారం కొత్త పని మొదలుపెట్టే అవకాశం పోతుంది. ఒక్కొక్కరు ఒక్కసారే, ఒకటి రెండు వాక్యాలే మాట్లాడాలి. తీర్మానం చేయకూడదు. ప్యాండెమిక్ లాంటి సహకార ఆటల్లో అనుభవజ్ఞుడొకరు అందరి ఎత్తులూ తానే చెప్పేస్తుంటాడు. ఇక్కడ అది కుదరదు.

మనసు నొచ్చుకున్నవారు గొడవ పడరు, కుప్పలోంచి కంటెంప్ట్ టోకెన్ అనే బిళ్ల తీసుకుంటారు. మా ఆటలో ఒకరు వైద్యశాల మొదలుపెట్టి పాచికను ఐదు మీద ఉంచారు, అంటే ఐదు వారాల పని. మంచి పనే. కానీ నా స్నేహితురాలు అంతకుముందు గీసిన బావిని ఆనుకుని, ఆమెను అడగకుండానే కట్టారు. ఆమె మాట్లాడకుండా బిళ్ల తీసుకుంది. కొన్ని వారాల తర్వాత ఆయన తన వంతులో బావికి గట్టు కట్టించే పని పెట్టాడు. బిళ్ల తిరిగి కుప్పలో పడింది. మంచి పని చేస్తున్నప్పుడు కూడా మనుషుల్ని అడగాలని ఇంత సూటిగా చూపించిన ఆట నేను చూడలేదు.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. పాచిక సున్నాకు దిగితే వైద్యశాల పూర్తయినట్టే. ఆ తర్వాత రోగులకు అన్నం పెట్టేదెవరు, రాత్రి మేలుకునేదెవరు? ఆట అడగదు. అందుకే మేమొక నియమం చేర్చాం: రుతువు మారినప్పుడల్లా ఎవరో ఒకరు తన వంతును వైద్యశాలకు ఇవ్వాలి, లేదంటే అది మూతపడుతుంది. శీతాకాలానికి వంతు ఎవరివ్వాలన్న దాని మీద పెట్టిన చర్చే మా ఆటలో అన్నిటికంటే గొప్ప ఘట్టం.

పేక, పాచికలు, కాగితం, బిళ్లలు, ఒక పూట తీరిక ఉంటే చాలు. కొత్తవారితో ఆడుతుంటే మాత్రం చర్చ నియమం ముందే గట్టిగా చదివి వినిపించండి.