మూడు ట్రేల వానపాముల డబ్బా: రెండు ఎండాకాలాలు దాటాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను, ఎరువు కోసమే అయితే, వంటింటి చెత్తని వానపాములతో ఎరువు చేయించే ఈ డబ్బా కొనకండి, డబ్బు దండగ. పాత ప్లాస్టిక్ టబ్బుకి అడుగున నాలుగు చిల్లులు పెట్టి పైన తడి గోనె సంచి కప్పితే ఇంతే ఎరువు వస్తుంది, ఇంకా ఎక్కువే రావచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుండి, వాళ్లని ఫోన్ దగ్గర నుంచి లేపి మట్టిలో చెయ్యి పెట్టించాలని ఉంటే మాత్రం కొనండి. నేను కొన్నది అందుకే.

మాది పర్లాకిమిడి. జిల్లా ఒడిశాది, బడిలో ఒడియా, ఇంట్లోనూ వీధిలోనూ తెలుగు. పెరడు లేదు, మేడ మీద కుండీలే. డబ్బా అంటే ఒకదాని మీద ఒకటి కూర్చునే మూడు చిల్లుల ట్రేలు, అడుగున నీళ్లు దిగే గిన్నె, దానికో బుల్లి కుళాయి, పైన మూత. కింది ట్రేలో కొబ్బరి పొట్టు, చింపిన న్యూస్ పేపరు, వేడి తగ్గిన పేడ పరిచి వానపాముల్ని వదలాలి (పచ్చి పేడ వద్దు, లోపల వేడెక్కి చంపేస్తుంది). ఆ ట్రే నిండాక రెండోది పైన పెట్టి తిండి అందులో వేస్తే, చిల్లుల్లోంచి పైకి పాకి వస్తాయి, కింద ఎరువు మిగులుతుంది. కాగితం మీద అలా రాశారు. నిజానికి సగం బద్ధకస్తులు కిందే ఉండిపోతాయి. వాటిని వేరు చేయడానికి ట్రేని పాత దుప్పటి మీద వెలుతురులో గుమ్మరించి కుప్ప చేస్తాం. వానపాములకి కళ్లు లేవు కానీ వెలుతురు చర్మానికి తెలిసిపోతుంది, అడుక్కి దూరిపోతాయి. పైపొర గీసుకుని కాసేపు ఆగడం, మళ్లీ గీసుకోవడం. మా పిల్లలిద్దరికీ ఆదివారం ఇదే పని, పిలవక్కర్లేదు.

డబ్బాతో పాటు కొరియర్‌లో వచ్చిన వానపాముల సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఏప్రిల్ ఎండలో ప్లాస్టిక్ కవరులో పంపారు, విప్పేసరికి కంపు, ఒక్కటీ కదల్లేదు. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే జవాబే లేదు. చివరికి దగ్గర్లో జియా ఖత (ఒడియాలో వానపాముల ఎరువు) తయారుచేసే ఒక రైతు దగ్గర, ఆయన పేడతో సహా తెచ్చుకున్నాం. మీరూ అలాగే చేయండి. కొనేటప్పుడు రకం అడగండి. ఇటు మైదానంలో ఆఫ్రికన్ రకం, అంటే యూడ్రిలస్, బాగానే ఉంటుంది. చలికి అది తట్టుకోలేదు కాబట్టి కోరాపుట్ కొండల మీద ఉన్నవాళ్లు ఒంటి మీద చారలుండే ఐసీనియా ఫెటిడా తెచ్చుకోవడం మేలు.

ఇక డబ్బాలో లోపాలు. కాళ్లు మరీ పొట్టి. ఎర్రచీమలు రాకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడదామంటే కుదరదు, చివరికి ఒక స్టూలు మీద ఎక్కించి స్టూలు కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టాం. మూత నల్లది, ఎండకి పెనంలా కాలుతుంది. 35 డిగ్రీలు దాటితే వానపాములు బతకడం కష్టం, మా ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో తెలిసిందే కదా, అందుకని వేసవిలో మూత తీసి పక్కన పడేసి, మెట్ల కింద చీకట్లో తడి గోనె కప్పి ఉంచుతాం. కుళాయి పేడ తుక్కుతో ఊరికే పూడుకుపోతుంది. పైగా అందులోంచి వచ్చే నీళ్లని వర్మీవాష్ (మొక్కలకి టానిక్ లాంటి వానపాముల నీళ్లు) అని గొప్పగా రాశారు. కాదు, ఆ నీళ్లు కారుతున్నాయంటే లోపల తడి ఎక్కువైందని అర్థం. వాసన లేకపోతే పదింతల నీళ్లు కలిపి పూల కుండీలకి పోస్తాను, ఆకుకూరలకి పోయను.

తిండి విషయంలో మన వంటింటి చెత్త అంతా పనికిరాదు. చింతపండు పిప్పి, నిమ్మతొక్కలు పులుపు. ఉల్లి, వెల్లుల్లి పొట్టు అసలు ముట్టవు. ఉప్పు, నూనె తగిలిన కూర, చద్దన్నం వేస్తే పురుగు పట్టి కంపు కొడుతుంది. అరటి తొక్కలు, ఆనపకాయ చెక్కు, తోటకూర కాడలు, టీ పొడి, కోడిగుడ్డు పెంకుల పొడి, ఇవి చాలు. ట్రేలోంచి గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. ఇలా పిండి తడి చూసే డ్యూటీ మా అమ్మాయిది. ట్రేలు పైకి తీసేవి కాబట్టే ఈ పనులు పిల్లలకి అప్పగించగలిగాను, లోతైన టబ్బులో అయితే అంతా నేనే చేయాల్సి వచ్చేది.

ఒకరోజు రాత్రి మా వాడు టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి (ఎర్ర వెలుతురు వాటికి అంతగా పట్టదు) మూత తీసి చూస్తూ, తడి పేపరు ముక్క మీద రాగి గింజ కంటే కాస్త పెద్ద గోధుమరంగు గింజలు కనబడితే పట్టుకొచ్చాడు. నిమ్మకాయలా రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. భూతద్దంలో చూస్తే ఒకదాంట్లో తెల్ల దారం మెలికలు తిరుగుతోంది. గుడ్ల గూడు అది, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు రావచ్చు. "నాన్నా, దీనికి అమ్మ ఎవరు, నాన్న ఎవరు?" అన్నాడు. ప్రతి వానపామూ రెండూనే అని చెబితే నమ్మలేదు, వాళ్ల అక్క పుస్తకం తెచ్చి చూపించాక నమ్మాడు. వానపాముని కోస్తే రెండవుతాయని బడిలో ఎవరో చెప్పారట, అది అబద్ధమని కూడా ఆ రోజే తేలింది. మా అమ్మ మాత్రం ఇప్పటికీ, "ఒరే, ఆ పెంటలో చెయ్యెట్టి వంటింట్లోకి రాకండర్రా" అని సబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. సబ్బు విషయంలో నేనూ ఆవిడ పక్షమే.

ఎరువుని కుండీ మట్టిలో మూడో వంతు కలుపుతాం. పాలకూర, గోంగూర బాగా వచ్చాయి, వంగ పరవాలేదు. ఇందులో వేడి పుట్టదు కాబట్టి గింజలు చావవు, ఎరువు వేసిన ప్రతి కుండీలోనూ టమాటా, గుమ్మడి మొలకలు వాటంతట అవే వస్తాయి. పీకెయ్యబోతే పిల్లలు ఒప్పుకోరు, అవి వాళ్లవట. గుమ్మడి తీగ పిట్టగోడ దాటి పక్కింటి మేడ మీదికి పాకింది, కాయ కాసింది కూడా వాళ్ల వైపే.

సెలవులకి ఊరెళ్తే వీటి గతేంటని చాలామంది అడుగుతారు. బాగా తడిపి, అరటి తొక్కలు వేసి, పైన తడి గోనె కప్పి పదిహేను రోజులు వెళ్లిపోవచ్చు, ఏమీ కాదు. మే నెలలో మాత్రం రోజూ నీళ్లు చిలకరించడానికి పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి.